రక్తంలో ఈస్ట్.. ఏ ఈస్ట్?

ఐసీయూలో జ్వరం దిగని రోగి రక్తంలో ఈస్ట్ కనబడిందంటే డాక్టరు చేతికి అందింది సగం సమాచారమే. మిగతా సగం దాని పేరు. ఆ పేరు తేలేలోపే చాలామంది ప్రాణాల లెక్క తేలిపోతోంది.

పొద్దున ఆరు దాటేసరికి పంజగుట్టలో నిమ్స్ ఆసుపత్రి గేటు ముందు సందడి మొదలవుతుంది. రాత్రి జిల్లాల్లో బస్సెక్కి ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లు మెట్రో పట్టుకుని నేరుగా ఇక్కడికే వస్తారు. భుజాన దుప్పటి, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో ప్లాస్టిక్ కవరు. ఆ కవరులో ఎక్స్‌రే ఫిల్ములు, ఊళ్లోని నర్సింగ్ హోమ్ కేసు షీటు, అమీర్‌పేట డయాగ్నస్టిక్ సెంటర్లలో చేయించిన పరీక్షల కాగితాలు ఉంటాయి. లోపల పడక మీద ఉన్న మనిషికి జ్వరం వారం దాటినా దిగలేదు. యాంటీబయాటిక్ రెండుసార్లు మార్చారు. మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి సెంట్రల్ లైన్ వేశారు. "ఏమన్నారు?" అని బయటున్నవాళ్లు అడిగితే, లోపలికెళ్లి వచ్చినవాళ్లు చెప్పేది ఒకటే: "రక్తంలో ఇన్‌ఫెక్షన్ ఉందట. కల్చర్ రిపోర్టు రావాలట." ఈ చుట్టుపక్కల ఏ పెద్దాసుపత్రి ఐసీయూ ముందు నిలబడినా వినిపించే మాటే ఇది.

ఆ రిపోర్టు పుట్టే చోటు వేరు. రోగి రక్తం పోసిన కల్చర్ సీసాలను ల్యాబులో ఒక యంత్రం ఒంటి వేడికి దగ్గరగా ఉంచి, నెమ్మదిగా ఊపుతూ, కొద్ది నిమిషాలకోసారి పరీక్షిస్తుంటుంది. లోపల ఏ సూక్ష్మజీవి పెరిగినా అది వదిలే కార్బన్ డయాక్సైడును పసిగట్టి మోగుతుంది. టెక్నీషియన్ సీసాలోంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద పులిమి, రంగు వేసి, సూక్ష్మదర్శిని కింద పెడతారు. బ్యాక్టీరియా అయితే సన్నటి చుక్కలో, కడ్డీలో కనిపించాలి. వాటికి ఎన్నో రెట్లు పెద్దగా, ఊదా రంగులో, కోలగా ఉన్న కణాలు కనబడితే, అందులో ఒకదాని భుజాన చిన్న మొగ్గ తొడిగి ఉంటే అది ఈస్ట్. వెంటనే ఐసీయూకి ఫోన్ వెళ్తుంది. "ఈస్ట్ ఉంది సార్" అన్న కబురుతోనే చాలాచోట్ల కథ ఆగిపోతోంది. ఏ ఈస్ట్ అన్న ప్రశ్నకు జవాబు రెండు మూడు రోజుల తర్వాత వస్తోంది, కొన్నిచోట్ల అసలే రావడం లేదు. ఈ కథనం ఆ జవాబు గురించే.

ఒంట్లో ఉంటే చుట్టం, రక్తంలో ఉంటే శత్రువు

ఫంగస్ అన్న మాట మన ఇళ్లలో 2021 నుంచి కొత్త కాదు. కరోనా రెండో ఉద్ధృతిలో బ్లాక్ ఫంగస్ కేసులు వేలల్లో వచ్చాయి. కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి వార్డులు నిండిపోయాయి. యాంఫోటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం ఊరంతా తిరిగారు. ఆ వెనకే టీవీల్లో తెల్ల ఫంగస్, పచ్చ ఫంగస్ అంటూ రంగుల జాబితా నడిచింది. ఆ హోరులో అసలు విషయం ఒకటి మరుగున పడింది. బ్లాక్ ఫంగస్ ముక్కులో, కంట్లో, ముఖం మీద కనిపించే జబ్బు. రక్తంలో పాకే ఈస్ట్‌కు అలాంటి గుర్తేమీ ఉండదు. జ్వరం, పడిపోయే బీపీ, మందగించే మూత్రం.. ఇవన్నీ బ్యాక్టీరియా వల్ల వచ్చే సెప్సిస్‌లోనూ ఉండేవే. పడక పక్కన నిలబడి చూసి ఇది ఈస్ట్ అని చెప్పగల డాక్టరు ఎవరూ లేరు. ల్యాబు చెప్పాల్సిందే.

కాండిడా జాతి ఈస్ట్ ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో, చర్మం మీద ఎప్పుడూ ఉండేదే. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని అదుపులో ఉంచుతుంది. రోజుల తరబడి గట్టి యాంటీబయాటిక్‌లు వాడితే ఆ బ్యాక్టీరియా నశించి ఈస్ట్‌కు చోటు దొరుకుతుంది. పొట్ట ఆపరేషన్‌తోనో, కీమోథెరపీతోనో పేగు గోడ దెబ్బతింటే రక్తంలోకి దారి తెరుచుకుంటుంది. సెంట్రల్ లైన్ గొట్టం మీద అది పొరలా పేరుకుంటే ఇక మందుకు ఓ పట్టాన లొంగదు. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు, రక్త క్యాన్సర్ రోగులు, నెలలు నిండకుండా పుట్టిన పసికందులు ముందు వరసలో ఉంటారు. 1964లో ఎముకల ఆసుపత్రిగా మొదలైన నిమ్స్ ఇవాళ కిడ్నీ మార్పిళ్లకూ, క్యాన్సర్ వైద్యానికీ రాష్ట్రమంతా చూసే చోటు. వైద్యం ఎంత ముందుకు వెళ్తే ఈ జబ్బుకు గురయ్యే వాళ్ల సంఖ్యా అంత పెరుగుతుంది. దీన్ని ఏ ఆసుపత్రికీ తప్పుగా అంటగట్టలేం. కానీ ఆ ముందడుగుకు తగ్గ ల్యాబు పక్కనే ఉందా అని అడగాలి.

మన దేశం లెక్క ఒకటి చూస్తే తీవ్రత అర్థమవుతుంది. 2011 ఏప్రిల్ నుంచి 2012 సెప్టెంబరు దాకా దేశంలోని 27 ఐసీయూల్లో జరిగిన అధ్యయనంలో, ఐసీయూలో చేరాక రక్తంలో కాండిడా సోకినవాళ్లు 1,400 మంది తేలారు. అంటే చేరిన ప్రతి వెయ్యి మందిలో ఆరుగురికి పైనే. వాళ్లలో నూటికి 45 మంది దాకా నెలలోపే చనిపోయారు. ఈ మరణాలన్నీ ఈస్ట్ ఖాతాలోనే వేయలేం. అసలు జబ్బు కూడా అక్కడే ఉంది కదా. అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో సంగతి బయటపడింది. పాశ్చాత్య దేశాల రోగులతో పోలిస్తే మనవాళ్లు వయసులో చిన్నవాళ్లు, జబ్బు తీవ్రత కూడా తక్కువే, ఐసీయూలో చేరిన వారం పది రోజుల్లోనే ఈస్ట్ పట్టుకుంది. ఆలోచిస్తే, ఇది ఎలాగూ పోయేవాళ్లకు చివర్లో సోకే జబ్బు కాదన్నమాట. బతకాల్సిన వాళ్లను మధ్యలో పట్టుకునే జబ్బు.

అరుదైనదా, ఎవరూ చూడనిదా?

అరుదైన ఈస్ట్‌ల కోసం ఇంత ఆరాటం ఎందుకని అడిగేవాళ్లున్నారు. రోజూ వచ్చే కేసులకే దిక్కులేనప్పుడు ఎప్పుడో వచ్చేదాని సంగతి ఎవరు చూస్తారన్నది వాళ్ల మాట. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ గత ముప్ఫై ఏళ్ల చరిత్ర చెప్పేది వేరు. ఒక ఈస్ట్ అరుదుగా వస్తోందని మనం అనుకోవడానికి చాలాసార్లు కారణం దాన్ని వేరే పేరుతో పిలవడమే.

కాండిడా ఆరిస్ కథే తీసుకోండి. 2009లో టోక్యోలో ఒక రోగి చెవిలోంచి తీసిన ఈస్ట్‌ను కొత్త జాతిగా గుర్తించి ఆ పేరు పెట్టారు. తర్వాత పాత నమూనాలు తిరగేస్తే కొరియాలో 1996లోనే ఒక రోగి రక్తంలో అది ఉందని తేలింది. అంటే పదమూడేళ్ల పాటు దాని ముఖం చూసినా పేరు తెలియలేదు. 2013లో ఢిల్లీ ఆసుపత్రుల నుంచి మన దేశంలో మొదటి నివేదిక వచ్చింది. 2015లో మరో పరిశోధనలో, మన ఆసుపత్రుల్లో యంత్రాలు కాండిడా హెములోని అనో, ఫమాటా అనో చెప్పిన 102 నమూనాలను జన్యుపరీక్షకు పెడితే వాటిలో 90 ఆరిస్‌గా తేలాయి. ఇందాక చెప్పిన 27 ఐసీయూల్లో 19 చోట్ల అది ఉంది. అక్కడి నమూనాల్లో సగానికి పైగా ఫ్లూకొనజోల్ అనే ఫంగస్ మందుకు లొంగలేదు. పడకల రెయిలింగ్‌లు, బీపీ పట్టీలు, థర్మామీటర్ల మీద రోజుల తరబడి బతికి, ఒక రోగి నుంచి ఇంకో రోగికి పాకే గుణం దానిది. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన శిలీంధ్రాల ప్రాధాన్య జాబితాలో అత్యంత ప్రమాదకరమైన నాలుగింటిలో ఇదొకటి. పేరు తప్పు రాసిన ప్రతి రిపోర్టూ దానికి ఇంకో వార్డులోకి దారి చూపించినట్టే.

చండీగఢ్ అనుభవం అంతకంటే పాతది. 1996 ఏప్రిల్‌కూ 1998 ఫిబ్రవరికీ మధ్య అక్కడి పీజీఐ ఆసుపత్రి పిల్లల విభాగంలో 379 మంది పసివాళ్లకు పికియా అనోమలా అనే ఈస్ట్ సోకింది. అంతవరకూ పుస్తకాల్లో ఎక్కడో మూల కనిపించే పేరది. ల్యాబు దాన్ని జాతి దాకా గుర్తించబట్టే ఇవి విడివిడి కేసులు కావని, ఒకే చోటి నుంచి పాకుతున్నాయని అర్థమైంది. ఆరా తీస్తే సిబ్బంది చేతుల మీద దొరికింది. చేతుల శుభ్రత మీద పట్టుబట్టి, ప్రమాదంలో ఉన్న పసివాళ్లకు ముందుగానే మందు ఇచ్చి అదుపు చేశారు. అదే రిపోర్టుల్లో 'ఈస్ట్ కణాలు' అని మాత్రమే రాసి ఉంటే ఒక్కో బిడ్డ ఒక్కో విషాదంగా మిగిలిపోయేది. ఆ తర్వాత పాతికేళ్లకు, 2021-22లో ఢిల్లీలోని ఒక నవజాత శిశువుల ఐసీయూలో పది మంది పసికందుల రక్తంలో లోడెరోమైసిస్ అనే మరో అరుదైన ఈస్ట్ దొరికింది. అదే జాతి పసికందులను వెచ్చగా ఉంచే వార్మర్ రెయిలింగ్ మీద కూడా కనిపించింది. ప్రతిసారీ వరస ఒకటే. ముందు పేరు తెలిసింది, ఆ పేరు పట్టుకుని పోతే మూలం తెలిసింది.

బాక్స్: ఒక్కోదానిది ఒక్కో తీరు

రోడోటొరులా అనే ఈస్ట్ కల్చర్ పళ్లెంలో పగడపు రంగు మచ్చలుగా పెరుగుతుంది. సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకు సోకుతుంది. ఫ్లూకొనజోల్‌కు లొంగదు, కాస్పోఫంగిన్ తరగతి మందులకూ లొంగదు. మలసేజియా మన తల మీద చుండ్రుకు కారణమయ్యే ఈస్టే. కొవ్వు లేనిదే బతకలేదు కాబట్టి, నరంలోకి కొవ్వు ద్రావణాలు ఎక్కించే పసికందుల రక్తంలో చేరుతుంది. మామూలు పళ్లెంలో పెరగదు, పైన ఆలివ్ నూనె పోయాలి. ఆ అనుమానం రాని ల్యాబుకు అది ఎప్పటికీ కనబడదు. ట్రైకోస్పోరాన్ మీద కాస్పోఫంగిన్ పనిచేయదు. యాంఫోటెరిసిన్ కూడా అంతంతమాత్రం, వొరికొనజోల్ మేలు. క్రిప్టోకాకస్ హెచ్ఐవీ రోగుల మెదడు పొరలకు పాకుతుంది. దానికి మాత్రం రక్తపు చుక్కతో నిమిషాల్లో ఫలితం చెప్పే పరీక్ష ఉంది.

సీసాలో పడే రక్తమెంత?

అన్నిటికంటే ఖరీదైన యంత్రం కూడా సీసాలోకి రాని ఈస్ట్‌ను పట్టుకోలేదు. పెద్దవాళ్లకు ఒక్కో సీసాలో 8 నుంచి 10 మిల్లీలీటర్ల రక్తం పోయాలి. ఒక్కసారికి రెండు సీసాలు, వీలైతే రెండు వేర్వేరు చోట్ల నుంచి రెండుసార్లు తీయాలి. రక్తంలో ఈస్ట్ కణాలు చాలా పలుచగా ఉంటాయి. రక్తం సగం పోస్తే అవి దొరికే అవకాశమూ ఆ మేరకు పడిపోతుంది. ఇక్కడే ఐసీయూ బయట మనసును మెలిపెట్టే దృశ్యం ఒకటి ఉంది. "ఉన్న రక్తమంతా పరీక్షలకే లాగేస్తున్నారమ్మా" అని పేషెంట్ తాలూకు వాళ్లు వాపోతుంటారు. పాలిపోయిన మనిషిని చూస్తే ఆ బాధ సహజం. వాళ్ల కళ్లెదుట గుచ్చడానికి మొహమాటపడి నర్సు మూడు నాలుగు మిల్లీలీటర్లతో సరిపెట్టేయడమూ సహజమే. రెండు సీసాలకు కలిపి కావాల్సింది నాలుగు టీ చెంచాల రక్తమే, దీంతోనే రోగం పేరు తెలుస్తుందని ఎవరైనా కూర్చోబెట్టి చెబితే కాదనే కుటుంబం ఉండదు. చెప్పేవాళ్లే కరవు.

అంతా సరిగ్గా చేసినా కల్చర్ సగం కేసులనే పట్టుకుంటుంది. ఈ మాట దాచాల్సిన పని లేదు. పేగుల్లోంచి కాలేయంలో, ప్లీహంలో దాక్కున్న ఈస్ట్ రక్తంలో కనబడకపోవచ్చు. అందుకే బీటా-డి-గ్లూకాన్ అనే రక్త పరీక్షను జోడిస్తున్నారు. ఫంగస్ కణం గోడలో ఉండే పదార్థమది. రాలేదంటే కాండిడా లేదన్న ధీమా కొంత కలుగుతుంది. వచ్చిందంటే మాత్రం వెంటనే నమ్మడానికి లేదు. డయాలసిస్, అల్బుమిన్ ఎక్కించడం, ఆపరేషన్‌లో వాడిన గాజుగుడ్డ కూడా దాన్ని పెంచుతాయి. పైగా ఏ ఈస్టో అది చెప్పలేదు. కల్చర్ సగమే పట్టుకుంటుంది కాబట్టి దాన్ని వదిలేద్దామనడం సరికాదు. పట్టుబడిన ఆ సగాన్నైనా పూర్తిగా చదవాలి.

ఇంకో మాట. చర్మం మీది బ్యాక్టీరియా సీసాలో పడి తప్పుడు ఫలితం వచ్చినట్టే ఈస్ట్ కూడా పడి ఉంటుందిలే అని పక్కన పెట్టే అలవాటు అక్కడక్కడా ఉంది. కాండిడా విషయంలో అది ప్రాణాంతకమైన అలవాటు. ఒక్క సీసాలో వచ్చినా అది నిజమే అనుకుని వైద్యం మొదలుపెట్టాలని అంతర్జాతీయ మార్గదర్శకాలన్నీ చెబుతున్నాయి. అమెరికాలోని నాలుగు ఆసుపత్రుల్లో 230 మంది రోగుల మీద చేసి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, కల్చర్‌కు రక్తం తీసిన రోజే మందు పడినవాళ్లలో మరణాలు నూటికి 15. మర్నాడు పడితే 24, రెండో రోజు పడితే 37, ఆ తర్వాతైతే 41.

"బలమైన మందే ముందు వేసేస్తే పోలా?"

ఇది కొందరు డాక్టర్లే అడిగే ప్రశ్న. గట్టి ప్రశ్న కూడా. రోజు ఆలస్యమైతేనే ఇంత నష్టం ఉంటే పేరు కోసం కూర్చోవడం ఎందుకు, కాస్పోఫంగిన్ తరగతి మందు మొదటి గంటలోనే ఎక్కించేస్తే పోలా అంటారు. ఎక్కించాల్సిందే. పేరు వచ్చేదాకా మందు ఆపమని ఎవరూ అనడం లేదు. కానీ మొదటి గంటలో వేసింది ఊహ మీద వేసిన మందు. ఆ ఊహ సరైనదో కాదో పేరు వచ్చినప్పుడే తెలుస్తుంది. లోపలున్నది ట్రైకోస్పోరానో, రోడోటొరులానో, క్రిప్టోకాకస్సో అయితే ఆ ఖరీదైన ఇంజెక్షన్ రోజూ ఎక్కుతున్నా రోగికి వైద్యం అందనట్టే. అటు డాక్టరు మందు పడుతోందనుకుంటారు, ఇటు ఇంటివాళ్లు పుస్తెలతాడు తాకట్టు పెట్టి బిల్లు కడుతుంటారు. సరే, యాంఫోటెరిసిన్ వేద్దామంటే అది కిడ్నీలను దెబ్బతీసే మందు. కిడ్నీ మార్పిడి రోగికి దాన్ని గుడ్డిగా ఎలా వేస్తాం?

దీనికి రెండో వైపూ ఉంది. ఢిల్లీ పసికందుల్లో కనిపించిన లోడెరోమైసిస్ వంటివి మామూలు ఫ్లూకొనజోల్‌కే లొంగుతాయి. పేరు తెలిస్తే ఖరీదైన ఇంజెక్షన్ మానేసి, కోలుకుంటున్న రోగిని చవకైన మాత్ర మీదకు మార్చి ఇంటికి పంపవచ్చు. చికిత్స కూడా కొద్దిరోజుల ముచ్చట కాదు. రక్తం శుభ్రమైందని కల్చర్ చెప్పిన రోజు నుంచి రెండు వారాలు మందు పడాలి. సెంట్రల్ లైన్ తీసేయాలి, కంటి వెనక పొరను పరీక్షించాలి. ఆ రెండు వారాల ఖర్చు ఎంతన్నది పేరే తేలుస్తుంది.

యంత్రం లేకపోతే పేరు రాదా?

మాల్డీ-టాఫ్ అనే యంత్రం ఈస్ట్ మీద లేజర్ కొట్టి, దాని ప్రొటీన్ల ముద్రను బట్టి నిమిషాల్లో పేరు చెబుతుంది. ఖరీదైన సరుకు. జిల్లాకొకటి కొనలేం, కొనక్కర్లేదు కూడా. అది తన జాబితాలో ఉన్న పేర్లనే చెప్పగలదు. జాబితా పాతదైతే ఆరిస్‌ను అదీ గుర్తుపట్టదు. నా ఉద్దేశంలో ముందు కావాల్సింది యంత్రం కంటే పట్టుదల. గొట్టంలో కొంచెం మనిషి సీరం తీసుకుని అందులో ఈస్ట్ కలిపి 37 డిగ్రీల వేడిలో ఉంచితే, అల్బికాన్స్ అయితే రెండు మూడు గంటల్లో మొలక గొట్టం తొడుగుతుంది. రంగుల అగార్ పళ్లెం మీద అల్బికాన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రూసీ గులాబీ రంగులో పెరుగుతాయి. క్రూసీ ఫ్లూకొనజోల్‌కు పుట్టుకతోనే లొంగదు కాబట్టి ఆ గులాబీ రంగు కనబడిన రోజే మందు మారిపోవాలి. వీటిలో ఏదీ కోట్ల వ్యవహారం కాదు. ఈ మెట్ల దగ్గర తేలని ఈస్ట్‌ను మాత్రం పై ల్యాబుకు పంపాలి, అక్కడా తేలకపోతే జన్యుపరీక్షకు పెట్టాలి. దేశంలో శిలీంధ్రాల నమూనాలు భద్రపరిచే జాతీయ కేంద్రం చండీగఢ్ పీజీఐలోనే ఉంది.

నమూనాలు మోసే ఏర్పాటు మనకు కొత్తేమీ కాదు. 2018లో నారాయణగూడ కేంద్రంగా మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్ బస్తీ దవాఖానాల నుంచి రక్త నమూనాలు తెచ్చి పరీక్షలు చేసి ఫలితాలు ఫోన్లకు పంపింది. తర్వాత జిల్లాల్లోనూ హబ్‌లు వచ్చాయి. షుగర్, థైరాయిడ్ గొట్టాలు మోసే బండి, జిల్లా ఆసుపత్రిలో రోగి రక్తం నుంచి పెరిగిన ఈస్ట్ పళ్లేన్ని జాగ్రత్తగా ప్యాక్ చేసి ఇస్తే అదీ మోయగలదు. అమీర్‌పేట, పంజగుట్ట మధ్య నడిచి వెళ్లే దూరంలో ఇన్ని డయాగ్నస్టిక్ సెంటర్లున్నాయి. వాటిలో కల్చర్ చేసే ప్రతిచోటా, ప్రతి ఆసుపత్రి ల్యాబులోనూ, రక్తంలో పెరిగిన ఈస్ట్‌కు జాతి పేరు రాయనిదే తుది రిపోర్టు ఇవ్వకూడదన్న నిబంధన పెట్టవచ్చు. 2021లో బ్లాక్ ఫంగస్ కేసు ప్రతి ఒక్కటీ ప్రభుత్వానికి తెలపాలని తెలంగాణ ఆదేశించింది. కాండిడా ఆరిస్‌కూ అదే ఆదేశం కావాలి. ఆసుపత్రులు చెడ్డపేరుకు భయపడి దాచుకుంటాయనే వాదన ఉంది, అది కాదనలేం. అందుకే శిక్ష కోసం కాకుండా లెక్క కోసం, ఆసుపత్రి పేరు బయటపెట్టకుండా తీసుకునే సమాచారంగా మొదలుపెట్టాలి.

బాక్స్: ప్రోబయాటిక్ పొడితో జాగ్రత్త

విరేచనాలు తగ్గడానికి యాంటీబయాటిక్‌తో పాటు రాసే కొన్ని సాచెట్లలో శాకరోమైసిస్ బౌలార్డీ అనే బతికున్న ఈస్ట్ ఉంటుంది. బేకరీలో పిండి పొంగించే ఈస్ట్‌కు అది దగ్గరి చుట్టం. ఇంట్లో ఉన్న ఆరోగ్యవంతులకు ఇబ్బంది లేదు. ఐసీయూలో మాత్రం సాచెట్ చింపినప్పుడు ఎగిరే పొడి, దాన్ని ముట్టుకున్న చేతులు సెంట్రల్ లైన్‌ను తాకితే ఆ ఈస్ట్ నేరుగా రక్తంలో చేరుతుంది. తీవ్ర అనారోగ్యంతో ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు దీన్ని ఇవ్వకూడదని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2017లోనే తేల్చింది. రక్తంలో దొరికిన ఈస్ట్ పేరు శాకరోమైసిస్ అని రిపోర్టు వస్తే మొదట ఆపాల్సింది ఆ సాచెట్‌నే.

ఇంటివాళ్లు అడగాల్సింది

మీ మనిషి ఐసీయూలో ఉండి, రక్తంలో ఫంగస్ ఉందని చెబితే భయపడి ఊరుకోకండి. కల్చర్‌కు రెండు సీసాలూ నిండుగా పంపారా అని అడగండి. దొరికిన ఈస్ట్ పేరేమిటి, అది ఏ మందుకు లొంగుతుందో పరీక్షించారా అని అడగండి. సెంట్రల్ లైన్ తీసేశారా అని అడగండి. ఇవి డాక్టరును తప్పుపట్టే ప్రశ్నలు కావు, మంచి డాక్టరు తనను తాను ముందే వేసుకునే ప్రశ్నలు. రక్తం తీయడానికి వచ్చిన నర్సును ఆపకండి. డిశ్చార్జి అయ్యే రోజు ఆ ఈస్ట్ పేరును కాగితం మీద స్పష్టంగా రాయించుకోండి. కాండిడా ఆరిస్ లాంటివి జబ్బు తగ్గాక కూడా నెలల తరబడి చర్మం మీద ఉండిపోతాయి. మళ్లీ ఏ ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినా, చేర్చుకునే ముందే ఆ కాగితం చూపించండి.